సిరిమాను లైవ్‌కి రూటింగ్ స్విచ్చర్: ప్యానెల్ మీద నుంచి, ల్యాప్‌టాప్ నుంచి నడిపే పద్ధతి

విజయదశమి వెళ్ళాక వచ్చే మొదటి మంగళవారం విజయనగరంలో సిరిమాను పైడితల్లి గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఒకటో తిరుగులో తప్పు జరిగితే రెండో తిరుగులో సర్దుకోవచ్చు. మూడోది అయ్యాక సర్దుకోడానికి ఏమీ ఉండదు. ఇలాంటి లైవ్‌లో కెమెరాలు ఆరో ఏడో ఉంటాయి. బొమ్మ అడిగేవాళ్ళు మాత్రం పన్నెండు మంది: కెమెరాల మధ్య కట్ చేసే మిక్సర్, రికార్డర్, యూట్యూబ్‌కి పంపే ఎన్‌కోడర్, కేబుల్ టీవీ వాళ్ళ హెడ్‌ఎండ్, రోడ్డు మీద ఎల్‌ఈడీ తెరలు, ఇంజనీరు మానిటర్. ప్రతిదానికీ వైరు పీకి వైరు గుచ్చుతూ కూర్చుంటే సాయంత్రం అయిపోతుంది. అందుకే మధ్యలో రూటింగ్ స్విచ్చర్ పెడతాం. కంట్రోల్ రూముల్లో దీన్ని రౌటర్ అనే అంటారు కాబట్టి ఇక్కడా అదే మాట వాడుతున్నాం. వైఫై డబ్బాకీ దీనికీ పేరు ఒక్కటే, పని వేరు.

రౌటర్ నిజానికి చాలా అమాయకమైన పెట్టె. 16 ఇన్‌పుట్లు, 16 అవుట్‌పుట్లు ఉంటే లోపల 256 క్రాస్‌పాయింట్లు, అంటే ఒక ఇన్‌పుట్ ఒక అవుట్‌పుట్‌కి కలిసే చోట్లు, ఉన్నట్టు. ఒక ఇన్‌పుట్‌ని పదహారు అవుట్‌పుట్లకీ ఒకేసారి పంచవచ్చు, కానీ ఒక అవుట్‌పుట్‌కి ఒక సమయంలో ఒక్క ఇన్‌పుట్టే. బొమ్మని అది మార్చదు, సైజు దిద్దదు, ఫ్రేమ్ రేటు ముట్టుకోదు. వచ్చింది వచ్చినట్టు అవతలికి తోస్తుంది. కాబట్టి పెట్టె పాడవడం అరుదు. తప్పులన్నీ దాన్ని నడిపే దగ్గర, అంటే ప్యానెల్ దగ్గర, నెట్‌వర్క్ దగ్గర, పేర్ల దగ్గర వస్తాయి. ఒక్క అలవాటు పట్టుకుంటే వాటిలో చాలామటుకు పోతాయి: మీరు పంపిన కమాండ్‌ని చూసి పని అయిపోయిందనుకోకండి, రౌటర్ తిరిగి చెప్పిన స్థితిని చూసి అనుకోండి.

ముందు కాగితం

కేబుల్ ముట్టుకునే ముందు రెండు నిలువు వరుసలు గీయండి. ఉదాహరణకి ఇన్‌పుట్లు: 1 గుడి, 2 మూడు లాంతర్లు, 3 కోట, 4 క్రేన్, 5 డ్రోన్, 6 ప్లేబ్యాక్, 7 గ్రాఫిక్స్, 8 మిక్సర్ ప్రోగ్రామ్ (జనానికి వెళ్ళే బొమ్మ), 9 పేర్లు పడని క్లీన్ ఫీడ్, 10 కలర్ బార్లు. అవుట్‌పుట్లు: 1 నుంచి 6 దాకా మిక్సర్ ఇన్‌పుట్లు, 7 రికార్డర్, 8 ఎన్‌కోడర్, 9 హెడ్‌ఎండ్, 10, 11 ఎల్‌ఈడీ తెరలు, 12 ఇంజనీరు మానిటర్. మిగిలినవి ఖాళీగా ఉంచండి. ఆఖరి నిమిషంలో ఎవరో ఒకరు వచ్చి "మాకూ ఒక ఫీడ్ ఇవ్వండి" అని తప్పకుండా అడుగుతారు.

ఇవే పేర్లు రౌటర్‌లో లేబుళ్ళుగా ఎక్కించండి. తెలుగు అక్షరాలు కొన్ని ప్యానెళ్ళ చిన్న తెర మీద ఉత్త డబ్బాల్లా కనిపిస్తాయి, అందుకని ఇంగ్లిష్ అక్షరాల్లో ఆరేడు అక్షరాలకి మించని పొట్టి పేర్లు పెట్టండి. కెమెరామన్ పేరు పెట్టకండి, చోటు పేరు పెట్టండి. మనిషి మధ్యాహ్నానికి క్రేన్ మీదకి మారిపోతాడు, కోట ఎక్కడికీ పోదు.

కేబుల్, రిఫరెన్స్

1080ఐ50 హెచ్‌డీ సిగ్నల్ సెకనుకి 1.485 గిగాబిట్లు. 1080పి50 అయితే 2.97, దీన్నే 3జీ అంటారు. పాత ఎస్‌డీ 270 మెగాబిట్లే. మంచి ఆర్‌జీ-6 రకం డిజిటల్ వీడియో కేబుల్ మీద హెచ్‌డీ సుమారు 100 మీటర్లు, 3జీ సుమారు 70 మీటర్లు నమ్మకంగా వెళ్తుంది. సీసీటీవీ షాపులో చవగ్గా దొరికే సన్నటి కేబుల్‌కి ఈ లెక్క వర్తించదు. దాని మీద అనలాగ్ బొమ్మ బాగానే వస్తుంది కాబట్టి ఇదీ పనిచేస్తుందిలే అనుకుంటారు. డిజిటల్ బొమ్మ మసకబారుతూ హెచ్చరించదు. 40 మీటర్ల దగ్గర అద్దంలా ఉండి, ఇంకో పది మీటర్లు కలపగానే చుక్కలు మెరిసి నల్లబడిపోతుంది. కేబుల్ చివర బిగించే బీఎన్‌సీ కనెక్టర్లు 75 ఓమ్‌లవే కొనండి. స్క్రూ బిగించే సీసీటీవీ రకం వద్దు, క్రింప్ చేసేవే వాడండి.

కోట దగ్గరి కెమెరా లాగా దూరం వందమీటర్లు దాటితే ఫైబర్ కన్వర్టర్ పెట్టడమే తెలివైన పని. దీనికి దూరం ఒక్కటే కారణం కాదు. ఓబీ వ్యాన్ (కంట్రోల్ రూము ఉన్న బండి) జనరేటర్ మీద ఉండి, అవతలి కెమెరా ఏదో భవనం కరెంటు మీద ఉంటే, రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా బీఎన్‌సీ షీల్డ్ గుండా పారుతుంది. గుచ్చేటప్పుడు చిన్న నిప్పురవ్వ కనిపించినా, వేలికి చురుక్కుమన్నా ఆ కేబుల్ రౌటర్‌కి పెట్టకండి. ఫైబర్‌లో ఆ బాధ లేదు. భీమిలి నుంచి బారువ దాకా తీరం వెంబడి పనిచేసేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. ఉప్పుగాలికి బీఎన్‌సీ మధ్య పిన్ను నల్లబడుతుంది. సీజన్ మొదట్లో కనెక్టర్లన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.

రౌటర్ వెనక రిఫరెన్స్ అని ఒక ఇన్‌పుట్ ఉంటుంది. దానికి, పరికరాలన్నిటికీ ఒకే టైమింగ్ ఇచ్చే సింక్ జనరేటర్ నుంచి బ్లాక్ బర్స్ట్ గానీ ట్రై-లెవెల్ సింక్ గానీ (రెండూ టైమింగ్ సిగ్నళ్ళే) ఇవ్వాలి. ఆ సిగ్నల్ ఒక పరికరం నుంచి ఇంకోదానికి వెళ్ళే లూప్‌లో ఆఖరి పరికరం దగ్గర 75 ఓమ్ టెర్మినేటర్ పెట్టాలి, మధ్యలో ఎక్కడా పెట్టకూడదు. రిఫరెన్స్ ఉంటే రౌటర్ బొమ్మలో కనిపించని గీత దగ్గర మారుతుంది. 1080ఐ కి అది 7, 569 గీతలు. 625 గీతల ఎస్‌డీకి 6, 319. రిఫరెన్స్ లేకపోతే ఎక్కడ పడితే అక్కడ మారుతుంది, బొమ్మ ఒక్కసారి చిరిగినట్టు అవుతుంది.

అయితే రిఫరెన్స్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, సోర్సులు (ఇన్‌పుట్లకి వచ్చే కెమెరాలు, ఇతర పరికరాలు) కూడా ఆ సింక్‌కే కట్టుబడి ఉండాలి. హ్యాండీకామ్‌కి హెచ్‌డీఎంఐ కన్వర్టర్ తగిలించి తెచ్చిన సిగ్నల్ దేనికీ కట్టుబడదు. అలాంటి రెండు సోర్సుల మధ్య రౌటర్ తిప్పితే అవతలి పరికరం మళ్ళీ లాక్ అయ్యేదాకా బొమ్మ పోతుంది. ఎల్‌ఈడీ తెర ప్రాసెసర్లయితే ఒకటి రెండు సెకన్లు నల్లగా ఉండిపోతాయి. జనం ముందు ఆ రెండు సెకన్లు చాలా పొడుగు. అందుకే ఆన్-ఎయిర్ బొమ్మని రౌటర్‌తో కట్ చెయ్యకండి. కట్టింగ్ మిక్సర్ పని. ఎల్‌ఈడీ తెరకి మిక్సర్ ప్రోగ్రామ్‌నో ఆక్స్‌నో (మిక్సర్ విడి అవుట్‌పుట్) రౌటర్ గుండా ఒకసారి పంపి అలా వదిలెయ్యండి. ఆడియో బొమ్మ సిగ్నల్‌లోనే కలిసి (ఎంబెడ్ అయి) ఉంటే ఇంకో కారణం కూడా ఉంది. బొమ్మ శుభ్రంగా మారినా శబ్దంలో టక్కుమంటుంది, ఎందుకంటే శబ్దపు అల మధ్యలో తెగుతుంది.

డ్రోన్ సంగతి ముందే తేల్చుకోండి. చాలా డ్రోన్లు తీసిన పెట్టెలోంచే 30 లేదా 60 ఫ్రేమ్‌ల మీద ఉంటాయి. మన సిస్టమ్ 25 లేదా 50. రౌటర్ మీద డ్రోన్ బొమ్మ ఉన్నట్టే చూపిస్తుంది, మానిటర్ కూడా చూపిస్తుంది, 1080ఐ50 కి పెట్టిన రికార్డర్ మాత్రం నల్లగా ఉంటుంది. అప్పుడు అందరూ రౌటర్‌ని తిడతారు. డ్రోన్ సెట్టింగ్ మార్చండి, కుదరకపోతే ఫార్మాట్ మార్చే కన్వర్టర్ మధ్యలో పెట్టండి. ఉత్త హెచ్‌డీఎంఐ-ఎస్‌డీఐ కన్వర్టర్ (ఎస్‌డీఐ అంటే ఈ బీఎన్‌సీ కేబుల్ మీద పోయే డిజిటల్ వీడియో సిగ్నల్) ఆ పని చెయ్యదు.

ప్యానెల్ మీద నడపడం

ముందు డెస్టినేషన్ (అవుట్‌పుట్), తర్వాత సోర్స్ (ఇన్‌పుట్), ఆఖర్న టేక్ (ఖాయం చేసే బటన్). ఈ వరస ఎప్పుడూ మార్చకండి. డెస్టినేషన్ నొక్కగానే ఇప్పుడు దాని మీద ఏ సోర్స్ ఉందో ఆ బటన్ వెలుగుతుంది. ఆ వెలుగు చూశాకే కొత్త సోర్స్ నొక్కండి. 12 నొక్కాననుకుని 11 నొక్కినవాళ్ళకి తెలిసేది అక్కడే. కొన్ని ప్యానెళ్ళలో టేక్ అవసరం లేకుండా సోర్స్ నొక్కగానే మారిపోయే సెట్టింగ్ ఉంటుంది. రిహార్సల్‌కి అది హాయిగా ఉంటుంది, లైవ్‌కి ముందు మాత్రం తప్పక టేక్ ఉండేలా మార్చండి.

తర్వాత తాళాలు. ఆన్-ఎయిర్‌కి సంబంధించిన అవుట్‌పుట్లు, మన లెక్కలో 7, 8, 9, 10, 11, లాక్ చెయ్యండి. మిక్సర్‌కి వెళ్ళే 1 నుంచి 6 కూడా చెయ్యండి. వీటికి రెండు కారణాలున్నాయి. ఒకటి, మిక్సర్ ప్రోగ్రామ్‌ని పొరపాటున మళ్ళీ మిక్సర్ ఇన్‌పుట్‌కే పంపితే అద్దంలో అద్దం లాగా బొమ్మలో బొమ్మ అల్లుకుపోతుంది. రెండు, టాలీ, అంటే ఆన్-ఎయిర్ ఉన్న కెమెరా మీద వెలిగే దీపం. మిక్సర్ మూడో ఇన్‌పుట్ ఎర్రగా ఉందంటే కోట కెమెరా మీద దీపం వెలగాలని వైరింగ్ చేశారు. మధ్యలో రౌటర్ ఆ ఇన్‌పుట్‌కి క్రేన్ పంపితే, దీపం వెలిగేది కోట కెమెరా మీద, జనం చూసేది క్రేన్ బొమ్మ. క్రేన్ మనిషి తనని ఎవరూ చూడటం లేదనుకుని ఫోకస్ తిప్పుకుంటాడు. రౌటర్ స్థితిని చదివి టాలీ మార్చే కంట్రోలర్ లేనప్పుడు ఈ ఆరింటికీ తాళం తప్పదు.

ల్యాప్‌టాప్ నుంచి

మన జిల్లాల్లో చిన్న యూనిట్ల దగ్గర ఎక్కువగా కనిపించేది బ్లాక్‌మ్యాజిక్ వీడియోహబ్ రకం. దాని ఈథర్నెట్ ప్రోటోకాల్ ఉత్త టెక్స్ట్, అందువల్ల నేర్చుకోడానికి ఇంతకన్నా సులువైంది లేదు. ముందు నెట్‌వర్క్. రౌటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ స్టాటిక్ ఐపీ ఇవ్వండి, ఉదాహరణకి 192.168.50.10, 192.168.50.20, మాస్క్ 255.255.255.0. రెంటినీ ఒక చిన్న విడి నెట్‌వర్క్ స్విచ్‌కి కలపండి. బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌కి మాత్రం కలపకండి. ఎందుకంటే ఈ ప్రోటోకాల్‌కి పాస్‌వర్డ్ లేదు. అదే వైఫైలో ఉన్న ఎవరైనా మీ అవుట్‌పుట్లు తిప్పెయ్యగలరు. పైగా మోడెమ్ తనంతట తాను ఐపీలు పంచుతూ, మీ రౌటర్ నంబరునే ఎవరి ఫోనుకో ఇచ్చిందంటే కంట్రోల్ వస్తూ పోతూ ఉంటుంది. కారణం దొరకదు.

నెట్‌క్యాట్‌తో గానీ, పుట్టీ రా మోడ్‌తో గానీ (రెండూ నెట్‌వర్క్ మీద టెక్స్ట్ పంపి చదివే ప్రోగ్రాములు) టీసీపీ పోర్ట్ 9990 కి కనెక్ట్ అవ్వండి. కనెక్ట్ అవగానే అడక్కుండానే రౌటర్ తన జాతకం అంతా చెప్పేస్తుంది: ప్రోటోకాల్ వెర్షన్, మోడల్, ఎన్ని ఇన్‌పుట్లు, లేబుళ్ళు, తాళాలు, ఇప్పుడు ఏ అవుట్‌పుట్ మీద ఏ ఇన్‌పుట్ ఉంది. ఇది ఒక్క అక్షరం కూడా టైప్ చెయ్యకుండా వచ్చింది కాబట్టి, రాలేదంటే తప్పు నెట్‌వర్క్‌దే. కమాండ్లు వెతుక్కోనక్కర్లేదు.

డ్రోన్‌ని ఇంజనీరు మానిటర్‌కి పంపాలి, అంటే ఇన్‌పుట్ 5, అవుట్‌పుట్ 12. మొదటి లైన్లో వీడియో అవుట్‌పుట్ రూటింగ్ అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కొట్టి చివర కోలన్ పెట్టండి. రెండో లైన్లో 11 4 అని కొట్టండి. మూడో లైన్ ఖాళీ, అంటే ఉత్త ఎంటర్. ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి. ప్రోటోకాల్ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, పెట్టె మీద అచ్చు 1 నుంచి. అందుకే 12 కాస్తా 11, 5 కాస్తా 4. 12 5 అని కొడితే గ్రాఫిక్స్ పక్కనున్న ప్లేబ్యాక్ బొమ్మ వెళ్ళి పదమూడో అవుట్‌పుట్ మీద పడుతుంది. అది ఖాళీగా ఉంటుంది గనక ఎవరికీ కనిపించదు, మీరు మాత్రం పనిచెయ్యట్లేదని మళ్ళీ మళ్ళీ కొడతారు. రెండో తప్పు వరస: ముందు అవుట్‌పుట్, తర్వాత ఇన్‌పుట్. ప్యానెల్ మీద వేలి వరసే ఇక్కడా. మూడోది ఖాళీ లైన్ మర్చిపోవడం. అది లేకపోతే రౌటర్ మీరింకా చెప్తున్నారనుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. లోపం అని కూడా చెప్పదు.

అన్నీ సరిగ్గా ఉంటే ముందు ఏసీకే అని వస్తుంది. మాట అర్థం కాకపోతే ఎన్ఏకే. ఏసీకే వచ్చిందంటే మీ మాట అర్థమైందని మాత్రమే. పని అయిందో లేదో ఆ తర్వాత వచ్చే రూటింగ్ బ్లాక్‌లో చూడాలి. ఇంకా అనుమానముంటే ఆ శీర్షిక లైన్ ఒక్కటే పంపి, కింద ఖాళీ లైన్ ఇవ్వండి. పదహారు అవుట్‌పుట్ల స్థితీ మొత్తం చదివి వినిపిస్తుంది. స్క్రిప్ట్ రాసేవాళ్ళు బటన్‌కి రంగు మార్చాల్సింది ఈ బ్లాక్ చూసి. ఏసీకే చూసి మార్చకూడదు. ప్యానెల్ మీద ఇంకొకరు తిప్పినా ఇదే బ్లాక్ మీ ల్యాప్‌టాప్‌కీ దానంతట అదే వస్తుంది. దాన్ని పారెయ్యకుండా చదివితే రెండు చోట్లా ఒకే నిజం కనిపిస్తుంది.

ఒకే బ్లాక్‌లో చాలా లైన్లు పెట్టవచ్చు. పవర్ పోయి వచ్చాక అన్నీ మొదటి స్థితికి తేవాలంటే పన్నెండు లైన్లు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకుని, కింద ఖాళీ లైన్ పెట్టి, ఒక్కసారే పంపండి. పెద్ద రౌటర్లలో సాల్వో అనేది ఇదే.

తాళాలకి వీడియో అవుట్‌పుట్ లాక్స్ అనే శీర్షిక. కింద అవుట్‌పుట్ నంబరు, పక్కన ఒక అక్షరం. ఓ అంటే ఇదే ఐపీ నుంచి వేసిన తాళం, ఎల్ అంటే వేరొకరిది, యు అంటే తీసి ఉంది. ఓ అక్షరమే, సున్నా కొట్టకండి. తాళం ఐపీకి కట్టుబడి ఉంటుంది గనక, ల్యాప్‌టాప్ ఐపీ మారిందంటే మీ తాళం మీకే పరాయిదవుతుంది. కొత్త వెర్షన్లలో ఎఫ్ పంపితే బలవంతంగా తీస్తుంది. ముందే ఖాళీ అవుట్‌పుట్ మీద ప్రయత్నించి చూసుకోండి.

స్క్రిప్ట్‌లో అందరూ మర్చిపోయేది తెగిన కనెక్షన్. రౌటర్ కరెంటు పోయి వస్తే ల్యాప్‌టాప్ వైపు సాకెట్ ఇంకా తెరిచి ఉన్నట్టే కనిపిస్తుంది. పది సెకన్లకోసారి పింగ్ అనే శీర్షిక, కోలన్‌తో, కింద ఖాళీ లైన్‌తో పంపుతూ ఉండండి. ఏసీకే రాకపోతే తెంపి మళ్ళీ కనెక్ట్ అవ్వాలి. కనెక్ట్ అయ్యాక పాత జ్ఞాపకం చెరిపేసి, కొత్తగా వచ్చిన జాతకం నుంచే మొదలుపెట్టాలి.

పెద్ద రౌటర్లు, సీరియల్

స్టూడియోల్లో పెద్ద రౌటర్లు తరచుగా ప్రోబెల్ ఎస్‌డబ్ల్యు-పి-08 అనే ప్రోటోకాల్ మాట్లాడతాయి. అది టెక్స్ట్ కాదు, బైట్లు. ప్రతి సందేశం డీఎల్ఈ, ఎస్‌టీఎక్స్ అనే గుర్తు బైట్లతో మొదలై, చివర్న బైట్ల సంఖ్య, చెక్‌సమ్ (తప్పు పట్టే లెక్క), తర్వాత డీఎల్ఈ, ఈటీఎక్స్‌తో ముగుస్తుంది. కమాండ్ 02 అంటే కలుపు, 04 అంటే కలిపాను అన్న జవాబు. సందేశం మధ్యలో డీఎల్ఈ విలువ, అంటే 16, వస్తే దాన్ని రెండుసార్లు పంపాలి. పదహారో సంఖ్య ఉన్న సోర్స్ ఒక్కటే మొండికేస్తే, మిగతావన్నీ మారుతుంటే, ఇంకెక్కడా వెతక్కండి, కారణం ఇదే. ఈ నంబర్లు కూడా సున్నా నుంచే, కాబట్టి అది ప్యానెల్ మీద 17.

సీరియల్ పోర్ట్ ఎక్కువగా ఆర్ఎస్-422. ఆర్ఎస్-232 యూఎస్‌బీ కేబుల్ తెచ్చి గుచ్చితే ఏమీ జరగదు. ఆ రెంటికీ డీ-9 కనెక్టర్ ఒకేలా ఉండటం వల్ల వచ్చిన తంటా ఇది.

హెడ్‌ఎండ్ వైపు ఒక మాట

కేబుల్ హెడ్‌ఎండ్‌లో డీవీబీ-ఏఎస్ఐ సిగ్నల్ (ఛానళ్ళ కుదించిన స్ట్రీమ్‌ని మోసేది) కూడా ఉంటుంది. వేగం 270 మెగాబిట్లే, బీఎన్‌సీ ఒకటే, అందుకే ఎస్‌డీఐ రౌటర్ గుండా పంపాలని చూస్తారు. రౌటర్ ఏఎస్ఐకి సపోర్ట్ చెప్తే పంపవచ్చు. కానీ ఏఎస్ఐకి పోలారిటీ (సిగ్నల్ నిటారా, తలకిందులా అన్నది) పట్టింపు ఉంది, ఎస్‌డీఐకి లేదు. ఒక సిగ్నల్‌ని చాలాచోట్లకి పంచే కొన్ని డిస్ట్రిబ్యూషన్ ఆంప్లిఫయర్ల ఉల్టా అవుట్‌పుట్లు ఎస్‌డీఐకి బాగా పనిచేసి, ఏఎస్ఐ వచ్చేసరికి చచ్చిపోతాయి. రిసీవర్ సిగ్నల్ ఉందంటుంది, లాక్ అవ్వదు. పక్క బీఎన్‌సీకి మార్చి చూడండి.

ముందు రోజు పరీక్ష

256 క్రాస్‌పాయింట్లూ ఒక్కొక్కటిగా చూడనక్కర్లేదు. ప్రతి ఇన్‌పుట్‌కీ తన పేరు రాసి ఉన్న బొమ్మ పెట్టండి. అన్ని సోర్సులూ లేకపోతే కార్డు మీద నంబరు రాసి కెమెరా ముందు పట్టుకున్నా చాలు. మొదటి విడత అవుట్‌పుట్ 1 కి ఇన్‌పుట్ 1, 2 కి 2, అలా పదహారు. రెండో విడత ఒక మెట్టు జరపండి: 1 కి 2, 2 కి 3, 16 కి 1. ఇలా పదహారు విడతలకి 256 పూర్తవుతాయి. విడతకి పది సెకన్లు ఇచ్చినా మూడు నిమిషాల్లోపే. స్క్రిప్ట్‌లో ఇది నాలుగు లైన్ల లూప్. ఒక అవుట్‌పుట్ అన్ని విడతల్లోనూ తప్పితే ఆ అవుట్‌పుట్ కేబుల్, ఒక ఇన్‌పుట్ అన్ని చోట్లా తప్పితే ఆ సోర్స్ కేబుల్, ఒక్కటంటే ఒక్క కలయిక తప్పితేనే రౌటర్.

ఆ తర్వాత అసలు పరీక్ష. మొదటి స్థితి పెట్టి, తాళాలు వేసి, రౌటర్ ప్లగ్ పీకండి. అరనిమిషం ఆగి పెట్టండి. రూటింగ్ గుర్తుందా, తాళాలు గుర్తున్నాయా, రెండూ విడివిడిగా చూడండి. స్క్రిప్ట్ దానంతట అది తిరిగి కలిసిందా చూడండి. రౌటర్ యూపీఎస్ మీద ఉండి, నెట్‌వర్క్ స్విచ్ మామూలు ప్లగ్ మీద ఉండటం చాలాచోట్ల కనిపించే తప్పు. కరెంటు పోతే బొమ్మ వస్తూనే ఉంటుంది, కంట్రోల్ మాత్రం పోతుంది. ఆ చిన్న స్విచ్ అడాప్టర్ కూడా యూపీఎస్‌కే గుచ్చి, ఎవరూ ఫోన్ చార్జర్ కోసం పీకకుండా టేపు చుట్టండి. మొదట రాసుకున్న రెండు వరసల కాగితం ర్యాక్ తలుపు లోపలివైపు అంటించండి. పెట్టె మీది నంబరు ఒక గడిలో, ప్రోటోకాల్ నంబరు పక్క గడిలో ఉండాలి.